మే నెలలో వంటింట్లో నీళ్ళు రాని ఫ్లాటే తీసుకున్నాం – భీమవరం టూటౌన్‌లో అద్దె ఇంటి రివ్యూ

మా ఆడపడుచు వాళ్ళాయనకి భీమవరం ట్రాన్స్‌ఫర్ అయ్యేలా ఉందంట, టౌన్ మధ్యలో తీసుకోమంటావా ఊరి బయట తీసుకోమంటావా వదినా అని పది రోజుల్నుంచి ఒకటే ఫోన్లు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతుంది, అందుకని కూర్చుని మొత్తం రాసేస్తున్నా, తనతో పాటు ఇల్లు వెతుక్కునేవాళ్ళు ఇంకెవరికైనా పనికొస్తే మరీ మంచిది.

మేం ఉండేది టూటౌన్‌లోనండి, మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటు, ఫ్లోర్‌కి నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు, ఓనర్లు ఉంటున్నవి మూడు, మిగతా పదిహేడూ అద్దెకే. అటుపక్క ఇటుపక్క వెనక అన్నీ ఇలాంటి అపార్ట్‌మెంట్లే, మేడ మీద నుంచుని చూస్తే వాటర్ ట్యాంకులు తప్ప ఇంకేం కనపడవు. మాది మూడో ఫ్లోర్, డబుల్ బెడ్‌రూమ్, అద్దె 11,500 (చేరినప్పుడు 11,000), మెయింటెనెన్స్ 1,200, రెండు నెలల అడ్వాన్సు. 2023 జూన్‌లో చేరాం, ఇది రెండో వేసవి, 2025 మే మూడో వారంలో రాస్తున్నాను. అపార్ట్‌మెంటు పేరు రాయట్లేదు, చెప్పేదంతా ఆ సందుల్లో ఏ బిల్డింగు చూడ్డానికైనా పనికొస్తుంది. నా మార్కులు అయిదుకి నాలుగు, ఆ నాలుగులో మూడు నీళ్ళకే ఇస్తున్నా, ఎందుకో చెప్తాను.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఏలూరు వేరే జిల్లా అయిపోయి పశ్చిమ గోదావరికి భీమవరం జిల్లా కేంద్రం అయింది కదా, మా ఆయన ఆఫీసు కూడా ఏలూరు నుంచి ఇక్కడికొచ్చేసింది. నాలుగు నెలలు బస్సులోనే తిరిగారు, పొద్దున్న చీకటితో వెళ్తే రాత్రి తొమ్మిదింటికి ఇల్లు, మా బాబు వాళ్ళ నాన్నతో మాట్లాడేది ఆదివారం ఒక్కరోజే. ఇంక లాభం లేదని ఇల్లు వెతకడం మొదలెట్టాం. ఒకేసారి అన్ని ఆఫీసుల వాళ్ళూ దిగేసరికి ఎక్కడా ఖాళీల్లేవు, అసలే కాలేజీలున్న ఊరు, పిల్లల చదువు కోసం పల్లెల నుంచొచ్చి ఫ్లాట్ తీసుకుని వండిపెట్టే తల్లులు ఎప్పట్నుంచో ఉన్నారు, రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళు సగం మంది కాపురం టౌన్‌లోనే. ఆగస్టులో ఎలాగో ఒకటి దొరికింది. కొత్త బిల్డింగు, మెరిసే టైల్సు, హాల్లో ఫాల్స్ సీలింగు, వంటింట్లో ఎక్కడి సామాను అక్కడ పెట్టుకునే అరలు, చూడగానే మనసు పారేసుకున్నాను.

ఆగస్టంటే మన వైపు ఎలా ఉంటుందో తెలుసు కదండీ, కాలవలు ఒడ్లు ఒరుసుకుంటూ పారతాయి, ఎటు చూసినా నాట్లేసిన చేలు, ఏ కొళాయి తిప్పినా బుస్సుమని నీళ్ళు. అసలు నీళ్ళ సంగతి అడగాలని కూడా తోచలేదు మాకు, గోదారోళ్ళం, నీళ్ళకేం లోటనుకున్నాం.

నిజానికి ఇక్కడ తాగేవన్నీ కాలవ నీళ్ళే. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి వదిలితే పశ్చిమ డెల్టా కాలవల్లో పడి అంచెలంచెలుగా మన దాకా వస్తాయి. దాళవా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలవలు కట్టేస్తారు, పూడిక తీతలకీ లాకుల రిపేర్లకీ, మళ్ళీ జూన్‌లో వదుల్తారు. ఆ మధ్య రోజులన్నీ మంచినీళ్ళ చెరువుల్లో నింపిపెట్టుకున్న నీళ్ళతోనే ఊరు గడవాలి. బోరు వేసుకుందామా అంటే భీమవరంలో బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం, సముద్రం దగ్గర, లోతుకెళ్ళే కొద్దీ ఉప్పే. మాది పెనుగొండ దగ్గర పల్లెటూరు, కాలవ కట్టేస్తున్నారంటే ఊరంతా చెరువు నిండిందా లేదా అనే మాటే మాట్లాడుకునేది, మే నెలలో చెరువుకెళ్తే ఎన్ని మెట్లు బయటపడ్డాయో లెక్కపెట్టి ఇంకెన్నాళ్ళొస్తాయో చిన్నపిల్లలం కూడా చెప్పేసేవాళ్ళం. ఫ్లాట్‌కొచ్చేసరికి ఆ చెరువేదీ కంటికి కనపడదు. మనకి చెరువంటే సెల్లార్లో ఇనప మూత కింద ఉండే సంపే, దాన్ని ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు కూడా తీసి చూడరు, మేమూ చూళ్ళేదు.

2023 మే నెల మొదటి వారం అనుకుంటా, పొద్దున్నే అత్తయ్యగారు కందిపప్పు కుక్కర్లో పెట్టారు. ఆరు విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంది. పప్పు పాతదేమో అనుకున్నాను నేను. ఆవిడ ఏం మాట్లాడకుండా చెంబుతో కొళాయి నీళ్ళు పట్టుకుని ఓ చుక్క నాలిక మీద వేసుకుని, "అమ్మాయ్, ఇవి బోరు నీళ్ళే" అన్నారు. కిందకెళ్ళి అడిగితే అప్పుడు తెలిసింది, ఆ బిల్డింగుకి పైన ఉన్నది ఒకటే ట్యాంకు, మున్సిపాలిటీ నీళ్ళు సరిపోకపోతే బోరు కలిపి వదిలేస్తారంట, మే నెలలో దాదాపు అంతా బోరేనంట. మిగతా నెలల్లో కాలవ నీళ్ళు ఎక్కువ ఉంటాయి కాబట్టి తెలీదు. ఓనర్ గారిని అడిగితే "వేసవి కదమ్మా, ఊరందరికీ అంతే" అన్నారు.

ఇంక ఆ నెల మా ఇంట్లో పడ్డ అవస్థ చెప్పలేను. సబ్బు నురగ రాదు, తలంటుకుంటే జుట్టు చీపురుపుల్లల్లాగా నిలబడేది, కొళాయి మొదట్లో తెల్లగా పెచ్చు కట్టేసి గోకితే రాలేది, బకెట్టులో రాత్రి పట్టుంచితే తెల్లారేసరికి అంచు చుట్టూ తెల్ల గీత. బాబుకి మెడ మీదంతా దురద. స్నానానికి కూడా వాడికి టిన్ను నీళ్ళే పోసేవాళ్ళం, రోజుకి నాలుగు టిన్నులు, పైకి తెచ్చిస్తే టిన్ను 20 రూపాయలు, నెలకి 2,400 నీళ్ళకే పోశాం. జూన్‌లో ఖాళీ చేస్తామంటే పదకొండు నెలల అగ్రిమెంటు ఇంకో నెల ఉందని చెప్పి ఒక నెల అడ్వాన్సు పట్టేసుకున్నారు. ఇప్పటికీ తలుచుకుంటే కష్టంగా ఉంటుంది, ఆ డబ్బుల కన్నా కూడా, చేరేటప్పుడు ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది అని.

అందుకే రెండోసారి ఇల్లు వెతకడం మే నెలలోనే పెట్టుకున్నాం, మిట్ట మధ్యాహ్నం ఎండలో, అత్తయ్యగారిని కూడా తీసుకెళ్ళాం. ఏడిళ్ళు చూశాం. ఆవిడ హాలు చూళ్ళేదు, బెడ్‌రూములు చూళ్ళేదు, గుమ్మంలో చెప్పులిప్పేసి తిన్నగా వంటింట్లోకెళ్ళి కొళాయి తిప్పి దోసిట్లో పట్టుకుని పుక్కిలించి సింకులో ఊసేవారు. అంతే, ఇంక మాట్లాడకుండా బయటికొచ్చేసేవారు. చూపించడానికొచ్చిన బ్రోకర్ గారు అయోమయంగా మా మొహాలు చూడ్డం. అలా ఆరిళ్ళు అయిపోయాయి.

ఏడోది ఈ ఇల్లు. గోడలకి రంగులు వెలిసిపోయున్నాయి, టైల్సు పాతకాలం మచ్చల టైల్సు, వంటింట్లో కడప రాయి గట్టు. అత్తయ్యగారు కొళాయి తిప్పితే ఒక్క చుక్క రాలేదు, గాలి శబ్దం మాత్రం వచ్చింది. బ్రోకర్ గారు కంగారుపడిపోయి బాత్రూంలో వస్తున్నాయి చూడండమ్మా అని అక్కడ తిప్పి చూపించారు, అక్కడ ధారగా వచ్చాయి, ఉప్పుగా ఉన్నాయి. నేనైతే ఇదీ పోయిందనుకున్నా. ఇంతలో వాచ్‌మేన్ వాళ్ళావిడ పైకొచ్చింది, "వంటింట్లో ఇప్పుడు రావండి అమ్మగారూ, పొద్దున్న ఆరింటికి వదుల్తాం, సాయంత్రం మళ్ళీ ఓ పావుగంట, అవి చెరువు నీళ్ళండి, బాత్రూముల్లోవి బోరండి" అంది. అత్తయ్యగారి మొహం విప్పారింది. "ఇది తీసుకోండి" అన్నారు మా ఆయనతో. మే నెలలో వంటింటి కొళాయి ఎండిపోయుందంటే దాంట్లో బోరు నీళ్ళు కలపట్లేదని అర్థం కదా, రెండు పైపులు నిజంగానే వేరువేరుగా ఉన్నాయని అంతకన్నా రుజువేముంది. రెండు రకాల నీళ్ళూ వస్తాయండి అని అందరూ నోటితో చెప్తారు, మధ్యాహ్నం పూట వంటింట్లో ధారగా వచ్చి ఉప్పగా ఉంటే ఆ మాట అబద్ధమే.

ఇక్కడ సంపులు రెండు, పైన ట్యాంకులూ రెండు. మంచినీళ్ళ సంపులో నీళ్ళెన్నున్నాయో చూడ్డానికి వాచ్‌మేన్ దగ్గర ఓ వెదురు కర్ర ఉంటుంది, దాని మీద పెయింటుతో గీతలు గీసుకున్నాడు, నల్ల గీతలు నాలుగు, అడుగున ఎర్ర గీత ఒకటి. రోజూ సాయంత్రం మూత తీసి ఆ కర్ర ముంచి చూస్తాడు. తడి రెండో నల్ల గీత దాకా ఉంటే రెండు పూటలా వదుల్తాడు, ఎర్ర గీత దగ్గరకొచ్చిందంటే తర్వాత రోజు ఒకపూటే. ఆ కర్ర చూసినప్పుడల్లా నాకు మా ఊరి చెరువు మెట్లు గుర్తొస్తాయి. మా బాబు కూడా స్కూలు నుంచి వస్తూ ఆగి ఈవేళ ఏ గీత దాకా వచ్చింది అని అడిగి పైకొచ్చి నాయనమ్మకి చెప్తాడు.

పొద్దున్న 5:50 అయ్యేసరికి వాట్సాప్ గ్రూపులో వాచ్‌మేన్ వాళ్ళావిడ వాయిస్ మెసేజ్ వస్తుంది, "అమ్మగార్లూ నీళ్ళొదుల్తన్నామండి, పట్టుకోండి" అని. ఇంక చూడండి, వంటింటి కిటికీల్లోంచి ఇరవై ఇళ్ళ బిందెల చప్పుడు, స్టీలు బిందె అడుగున పడే నీళ్ళ మోత, నిండుతుంటే అది సన్నబడిపోవడం, ఇంతలో ఎవరో డ్రమ్ము జరుపుతారు, ఎవరింట్లోనో సుప్రభాతం. ఇందులో ఒక పద్ధతుంది, ఎక్కడా రాసిపెట్టింది కాదు. పైన ట్యాంకు నుంచి దిగే నీళ్ళు కదా, కింద ఫ్లోర్ల వాళ్ళు కొళాయి తిప్పేస్తే ఐదో ఫ్లోర్‌లో సన్నగా దారంలా వస్తాయి. అందుకని ఐదో ఫ్లోర్ వాళ్ళు, నాలుగో ఫ్లోర్ వాళ్ళు పట్టుకున్నాం అని గ్రూపులో చెయ్యెత్తి దణ్ణం బొమ్మ పెట్టేదాకా మేం మూడో ఫ్లోర్ వాళ్ళం ముట్టుకోం, మా తర్వాత రెండు, ఆఖర్న ఒకటి. చేరిన కొత్తలో తెలీక నేను ముందే తిప్పేశాను, ఎవరూ గొడవ చెయ్యలేదు, ఐదో ఫ్లోర్ మావయ్యగారు ఖాళీ బిందె పట్టుకుని మెట్లు దిగి వచ్చి "ఏమ్మా, ఓ బిందె మీ ఇంట్లో పట్టుకోమంటావా" అని నెమ్మదిగా అడిగారు. మళ్ళీ ఎప్పుడూ తిప్పలేదు.

కిందటేడు మేలోనే రెండో ఫ్లోర్‌లో అమ్మాయికి సీమంతం చేశారు, ఎనభై మంది దాకా చుట్టాలు. వాళ్ళమ్మగారు టిన్నులు చెప్పుకుంటానంటుంటే ముందురోజు సాయంత్రం ఫ్లాట్‌కో బిందె చొప్పున వాళ్ళ గుమ్మం ముందు పెట్టేశారు. ఏ బిందె ఎవరిదో తెలియడానికి మూతల మీద పసుపుతో ఫ్లాట్ నెంబర్లు వేసింది ఆవిడ, పెరుగావడలు పెట్టి ఇచ్చింది తిరిగి ఇచ్చేటప్పుడు.

నీళ్ళ సంగతయ్యింది, ఇంక ఇల్లు. హాలు బానే ఉంటుంది, రోడ్డు వైపు బాల్కనీ. వెనక బెడ్‌రూమూ వంటిల్లూ మాత్రం పక్క బిల్డింగుని ఆనుకునే, మధ్యలో ఎడం నాలుగడుగులంతే. ఎండ పొడ తగలదు, పగలు కూడా లైటెయ్యాలి, వానాకాలం బట్టలు ఆరక ముక్కిన వాసనొస్తాయి. మేడ మీద తాళ్ళున్నాయి గానీ ఫ్లోర్‌కో రోజు, మాది గురువారం, గురువారం వాన పడిందంటే ఇంట్లోనే ఫ్యాను కింద. ఈ ఒక్క విషయంలో ఊరి బయట ఇళ్ళదే పైచేయి, ఒప్పుకోవాలి.

కానీ ఆ నాలుగడుగుల సందే నాకిక్కడ ఒక మనిషినిచ్చింది. మా కిటికీకి ఎదురు కిటికీ పక్క అపార్ట్‌మెంటులో ఓ పిన్నిగారి వంటిల్లు. నేను గ్రిల్లులోంచి చెయ్యి చాపి ఆవిడా చాపితే అందుతుంది. వచ్చిన మూడో రోజు పాలు కాచుకున్నాను గానీ తోడుకి పెరుగు లేదు, షాపుకెళ్దామని మా ఆయన్ని కేకేస్తుంటే ఆవిడ వినేసి "ఆగమ్మా" అని చిన్న స్టీలు గ్లాసులో చెంచాడు తోడు వేసి కిటికీలోంచి అందించింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా కరివేపాకు రెబ్బ, కొబ్బరి చెక్క, కొత్తావకాయ అన్నీ అటూ ఇటూ ఆ దారినే. కార్తీక మాసంలో మేం నీసు ముట్టం, అత్తయ్యగారు సోమవారాలు గునుపూడి సోమేశ్వరస్వామి గుడికి వెళ్ళొచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగరు. అది తెలిసి ఆ నెలంతా పిన్నిగారు ఎండు రొయ్యలు వేయించేముందు "ఏమ్మా, కాసేపు కిటికీ వేసేసుకో" అని చెప్తుంది. మా ఇంట్లో గొడవలు వాళ్ళకి వినపడతాయి, వాళ్ళింట్లోవి మాకు వినపడతాయి, ఇద్దరం విననట్టే ఉంటాం. అలా ఉండలేనివాళ్ళకి, ఇంట్లో మాట గడప దాటకూడదనుకునేవాళ్ళకి ఇలాంటి సందుల్లో కాపురం కష్టం, నిజంగా చెప్తున్నాను.

సందులో ఏం దొరుకుతాయని అడిగింది మా ఆడపడుచు. అన్నీ దొరుకుతాయి. పొద్దున్న ఏడింటికి ఇడ్లీ పుణుగుల బండి, సాయంత్రం దిబ్బరొట్టి వేసే మామ్మగారు, ఇస్త్రీ బండి, రెండు కర్రీ పాయింట్లు, అందులో సందు మలుపులోది ముద్దపప్పు, ఉలవచారు బాగా చేస్తాడు, వేపుళ్ళు మాత్రం కొనకండి నూనె ఎక్కువ. చలికాలం తేగలు, ఇప్పుడు ముంజలు. వారానికి మూడు రోజులు చేపలావిడ నెత్తి మీద బేసినుతో వస్తుంది, శీలావతి, బొచ్చె, అప్పుడప్పుడు రొయ్యలు, ఎదురుగానే తూచి సెల్లార్ గేటు పక్కన కూర్చుని బాగుచేసిచ్చి ఆ చోటు కడిగేసి మరీ వెళ్తుంది. మా ఆయన ఆఫీసుకి బండి మీద పది నిమిషాలు, టౌన్ రైల్వే స్టేషను దగ్గరే, మావుళ్ళమ్మ గుడికి అత్తయ్యగారు నడిచే వెళ్ళొస్తారు. సంక్రాంతి వెళ్ళాక కూడా అమ్మవారి ఉత్సవాలకి నెలంతా సందడే, మైకులుంటాయి, పిల్లలకి పరీక్షలుంటే ముందు గదిలో చదవలేరు. సంక్రాంతికి లాడ్జీల్లో గదులు దొరకవు కాబట్టి అందరిళ్ళల్లోనూ చుట్టాలే, ఇరవై ఫ్లాట్లలో రెండొందల మంది ఉంటారేమో ఆ నాలుగు రోజులూ, అయినా నీళ్ళకి ఇబ్బంది రాదు, జనవరిలో కాలవలు నిండుగా ఉంటాయి. అందుకే పండక్కొచ్చినప్పుడు ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేయకండి, అప్పుడు అన్ని ఇళ్ళూ బాగుంటాయి.

వానాకాలం సంగతి కూడా చెప్పాలి. మనదంతా పల్లం, పడ్డ నీళ్ళు తొందరగా పోవు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ కూడా వాన దంచేసింది, మా సందులో మోకాలి లోతు, సెల్లార్లోకి నీళ్ళొచ్చేశాయి. అప్పుడు గమనించాను, మా మంచినీళ్ళ సంపు మూత నేలకి సమంగా లేదు, చుట్టూ రెండడుగుల గట్టు కట్టి దాని మీదుంది. సెల్లార్లో నీళ్ళు అడుగున్నర దాకా వచ్చి ఆగాయి, సంపులోకి చుక్క దిగలేదు. పక్క అపార్ట్‌మెంటులో మూత నేల మీదే ఉంది, మురుగంతా సంపులో కలిసిపోయి, పాపం వాళ్ళు మొత్తం తోడించి బ్లీచింగ్ వేసి కడిగించుకునేసరికి వారం పట్టింది, ఆ వారమూ పిన్నిగారికి మంచినీళ్ళు మా కిటికీలోంచే, బిందె పట్టదు కాబట్టి లీటరు సీసాలతో. కాబట్టి సంపు ఉందా అని కాదు, దాని మూత ఎంత ఎత్తులో ఉందో చూడండి.

బాగోనివి. దోమలు విపరీతం, ముందున్న డ్రైను మీద పలకలు సగం లేవు, ఓనర్ గారు మెష్‌లు వేయించనంటే మేమే 6,500 పెట్టి వేయించుకున్నాం. లిఫ్టు చిన్నది, కరెంటు పోతే జనరేటర్ ఉంది గానీ ఆన్ చేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది, అత్తయ్యగారు రెండుసార్లు మధ్యలో ఉండిపోయారు. సెల్లార్లో కార్లు ఏడు పడతాయి, అవి ఓనర్లవీ పాతవాళ్ళవీ, కారున్నవాళ్ళు ఇక్కడికి రావద్దు.

ఈ పార్కింగ్ గురించే నాకు నిజమైన బాధ ఉంది. కిందటి నవంబర్లో నాలుగో ఫ్లోర్ తాతగారికి రాత్రి పదింటికి గుండెలో నొప్పి వచ్చింది. 108 తొందరగానే వచ్చింది, కానీ సందు మొదట్లో ఆగిపోయింది, రెండు వైపులా బళ్ళు, ఒక ఆటో, ఎవరిదో కారు. స్ట్రెచర్ లిఫ్టులో పట్టదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయనా ఇంకో ముగ్గురూ నాలుగంతస్తులు దింపి, అక్కడ్నుంచి సందు మొదటి దాకా ఆ కుర్చీ మోసుకెళ్ళారు, నేను ముందు టార్చి పట్టుకుని పరిగెత్తాను. ఆయన బతికారు, ఇప్పుడు బానే ఉన్నారు, పొద్దున్నే మేడ మీద నడుస్తున్నారు. తర్వాత మీటింగు పెట్టుకుని సందులో ఒక వైపే బళ్ళు పెట్టాలని నాలుగు అపార్ట్‌మెంట్ల వాళ్ళం మాట్లాడుకున్నాం, పసుపు గీత వేయించాం, రెండు నెలలు బానే జరిగింది, మళ్ళీ మొదటికొచ్చింది. నేను తగ్గించిన ఒక్క మార్కూ దీనికే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మొదటి ఫ్లోరో రెండో ఫ్లోరో చూసుకోండి, సందు మొదట్లో ఉన్న బిల్డింగైతే ఇంకా నయం, అద్దె వెయ్యి ఎక్కువైనా సరే.

అద్దె పెంచడం ఏడాదికి అయిదొందల లోపే, ఓనర్ గారు వేరే ఊళ్ళో ఉంటారు, రిపేర్లు ఫోన్లో చెప్తే వారానికి చేయిస్తారు. దాని గురించి అంతకన్నా చెప్పడానికేం లేదు.

బ్రోకర్ల మాట సగమే నమ్మండి, వాచ్‌మేన్ వాళ్ళావిడ మాట మొత్తం నమ్మండి, నీళ్ళు ఎన్నింటికి వదుల్తారో, కిందటి మేలో ఎన్నాళ్ళు ఒకపూట వదిలారో ఆవిడకే తెలుసు. బాత్రూం కొళాయిల మొదట్లో తెల్ల పెచ్చు ఉంటుంది, అది మామూలే, వంటింటి కొళాయికి కూడా ఉంటే ఆ ఇల్లు వదిలేయండి, ఎంత కడిగి పెట్టినా వేలితో గోకితే తెలిసిపోతుంది.

మా ఎదురు ఫ్లాట్ వాళ్ళు జూన్ పదికి ఖాళీ చేస్తున్నారు, వాళ్ళబ్బాయి ఇంజనీరింగ్ అయిపోయింది, ఊరెళ్ళిపోతారంట. ఓనర్ గారికి మా ఆయన చెప్పుంచారు, ఇంకెవరికీ మాటివ్వలేదు. కాలవలు వదిలేలోపే రా అమ్మాయ్, ఆలస్యం చేస్తే మళ్ళీ అన్నింట్లోనూ నీళ్ళొచ్చేస్తాయి, ఏం తెలీదు. శనివారం సాయంత్రానికి వచ్చేసి రాత్రి మా ఇంట్లో పడుకో, వాచ్‌మేన్ కర్ర ముంచేటప్పుడు కిందకి తీసుకెళ్ళి చూపిస్తాను, ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆ వంటింట్లో కొళాయి నువ్వే తిప్పుకుని చూద్దువుగాని, మీ అమ్మగారు కూడా ఎలాగూ పక్కనే ఉంటారు.